బీరువల నా కాయితాలు

పందొమ్మిదేండ్ల సంది ఇదే బడి.
దేవరకొండల, బస్ డిపో ఎనుక సందు.
రేకుల షెడ్డు మూడంతస్తులైంది,
ఇప్పుడున్న గోడల కన్న నేనే పాతదాన్ని.

మొదట ఈదయ్య సారు.
చేతిల బెత్తం, జేబుల బఠానీలు.
తిడితే డిపోల కండక్టర్లకు గూడ ఇనబడేది.
పొద్దుగూకాల ఆయనే చాయ్ పంపి
"అండాలమ్మా, మనసుల పెట్టుకోకు" అనేటోడు.
జీతమంటవా,
పత్తి అమ్ముడువోయినంక ఫీజు,
ఫీజు వచ్చినంక జీతం.
ఒక ఏడు చింతపల్లి నుంచి ఓ తండ్రి
ఫీజు కింద మూడు బస్తాల బత్తాయిలు దించిండు.
ఆ నెల స్టాఫంత అవే పంచుకున్నం.
నవ్వుకుంటనే పంచుకున్నం గాని
పాలోడు బత్తాయిలు తీసుకోడు గదా.

ఆయన పోయినంక అల్లుడు నరోత్తం.
ప్లాట్లు అమ్మిన చెయ్యి.
పిల్లల్ని "స్ట్రెంత్" అనేటోడు,
మమ్ముల్ని "ఖర్చు" అనేటోడు.
గేటు కాడ వేలిముద్రల మిషను,
మూడు లేట్లయితే ఒక రోజు కోత.
సుద్దముక్కకు అరిగిన నా బొటనేలును
మిషను గుర్తుపడ్తలేకుండె.
"మీరెవరో దానికే తెలుస్తలేదు మేడం"
అని నవ్విండు.
నవ్వి, కోసిండు.

మే నెలల మనిషికి ఇరవై అడ్మిషన్లు.
గొడుగు, కరపత్రాల కట్ట, సీసల నీళ్లు,
డిండి దిక్కు తండా తండా తిరిగినం.
ఒక వాకిట్ల మిరపకాయల తొడిమెలు తీస్తున్న తల్లి
తలెత్తకుంటనే అడిగింది,
"నీ పిల్లగాడు గూడ ఆడనే సదువుతుండా టీచరమ్మా?"
నా కొడుకు సర్కారు బడిల ఉండె.
టీచర్ల పిల్లలకు సగం ఫీజే,
ఆ సగం నాకు మూడు నెలల జీతం.
"ఆఁ, ఆడనే" అన్న.
ఆమె చేతులు కడుక్కొని, లోపలికి పొయి
బిడ్డ ఆధార్ కార్డు తెచ్చింది.
పిల్ల పేరు రుక్కి.

ఇప్పుడు బోర్డు మారింది. హైదరాబాద్ కంపెనీ.
జోనల్ ఇంచార్జి మనస్విని మేడం
గొంతు లేపదు. నాకు అదే భయం.
"మనమంతా ఒక ఫ్యామిలీ అండాల్ గారూ" అంటది,
నా పుట్టినరోజుకు కేకు కోపిస్తది,
తెల్లారి ఫోన్ల షోకాజు వస్తది.
క్లాసులల్ల కుర్చీలు తీపిచ్చింది,
టీచర్ కూసుంటే క్వాలిటీ తగ్గుతదట.
తెలుగు పీరియడ్లు వారానికి ఏడుండె,
మూడు మిగిలినయి.
మోకాళ్లకు మాత్రం అవే ఎక్కువ.

ముగ్గురి తీర్లు మూడు. బీరువ ఒక్కటే.
చేరిన రోజు, చూసి ఇస్తమని తీసుకున్నరు
నా టెన్త్ మెమో, డిగ్రీ, పండిట్ ట్రైనింగు,
అన్నీ ఒరిజినల్సే.
ఈదయ్య సారునడిగితే "ఏడికి పోతవ్ బిడ్డా?"
నరోత్తంనడిగితే "బాండు రాసినవ్ గద?"
మేడంనడిగితే "ప్రాసెస్‌లో ఉంది."
బీరువకు మొన్న కొత్త రంగేసిండ్రు.

అర్ధసంవత్సర పరీక్షల నాడు
ఫీజు కట్టనోళ్ల లిస్టు చదివి బయట నిలబెట్టమన్నరు.
లిస్టు రాసింది నేనే, దస్తూరి మంచిగుంటదని.
పదకొండో పేరు రుక్కి.
ఎనిమిదో తరగతి, నా భుజం దాక పెరిగింది.
ఏమనలే, ప్యాడు పట్టుకొని లేచిపొయింది.

కిటికి కాడ నిలబడి
పేపరు మొత్తం పైకి చదివిన,
ఒక్కో ప్రశ్న రెండుసార్లు,
డిక్టేషన్ చెప్పినట్టు, బయటికి ఇనబడేటట్టు.
లోపలి పిల్లలు నా దిక్కు చూసి
మళ్ల తలలు దించుకున్నరు.
మెట్ల కింద కెమెరా లేదు.

కిటికిల ఉన్నదాన్ని మాత్రం కెమెరా చూసింది.
ఇరవై నాలుగు గంటల్ల సంజాయిషీ ఇయ్యాలె.
తెలుగుల రాసి ఇచ్చిన, ఒకటిన్నర పేజి.
ఇంగ్లిష్‌లో పంపమని తిరిగొచ్చింది.
ఇంక పంపలే.

రుక్కి పేపరు రాత్రి ఇంట్ల దిద్దిన.
నలభైకి ముప్పై ఎనిమిది.
ఒక సంధి తప్పు విడదీసింది.
రెండు మార్కులు నేనే కోసిన.