పది రూపాయల దండ

మూడున్నరకి బడిగంట కొడితే
నా బడ్డీ ముందర దుమ్ము లేస్తాది.
అందరికన్నా ఎనకాల, ఆయాసపడతా
లోహిత్ వస్తాడు.
మెళ్ళో తాళంసెవి, పిడికిట్లో పది కాయితం.

సూరుకి ఏలాడే దండలోంచి
ఎర్ర పేకెట్టు ఒకటి పీకి ఇస్తాను.
లోపల సగం గాలే.
ఆ గాలికీ డబ్బులు ఈళ్ళమ్మే కడతన్నాది.

ఆయమ్మ దమయంతి,
కాశీబుగ్గ ఫేక్టరీలో జీడిపిక్కలు కొడతాది.
గుండు ఒక తట్టలోకి, బద్ద ఒక తట్టలోకి.
సొన తగిలి యేళ్ళు నల్లబడిపోనాయి.
సాయంత్రం గేటుకాడ కొంగు దులిపి సూపించాల,
ఒక్క ముక్కయినా అంటుకుని రాకూడదు.
ఇంటికొచ్చేతలికి ఏడున్నర.
ఆ నాలుగ్గంటలూ గుంటడి కడుపు నాకొప్పజెప్పినాది:
"అక్కా, ఆకలంటే ఏదోటి ఇచ్చీ, రాసుకో."

రాసుకున్నాను. ఆడి పేరు మీద రెండు పేజీలు.

అరిటిపళ్ళు ఎట్టకపోలేదు, ఒకపాలి ఎట్టినాను.
మూడోనాటికి మచ్చలు, ఐదోనాటికి దోమలు.
గెల నష్టం నా నెత్తినే.
పేకెట్టుకైతే ఆర్నెల్ల ఆయుష్షు,
కంపెనీవోడే బండి మీదొచ్చి దండ కట్టిపోతాడు.
జాంపళ్ళ దండ కట్టినోడు
ఇంతవరకూ నా గుమ్మం తొక్కలేదు.

బడెనక మైదానంలో తెల్లరాళ్ళు పాతినారు, ప్లాట్లంట.
ఈదిలో కంకర లారీలు.
అంచేత తాళం తీసి లోపలికెళ్ళి
గడియెట్టుకుని ఫోను సూసుకోమని అమ్మ ఆర్డరు.

నాయనమ్మ దాలమ్మకి మాత్రం ఆడి బుగ్గలే బంగారం.
"ఈడి నాన్న ఈ వయసుకి ఎముకలపోగు.
గుప్పెడు సోడిపిండి నీళ్ళలో కలిపి
ఆరుగురం తాగినాం.
నా మనవడి పొట్ట మీద దిష్టెట్టకండర్రా!"
ఆ సోళ్ళే ఇప్పుడు పలాసలో
ఏసీ కొట్టులో డబ్బాల కెక్కినాయి.
ధర సూసి దాలమ్మ నోరు నొక్కుకున్నాది.

మొన్న బడిలో తూకమేసినారంట.
నర్సమ్మ సీటీ రాసిచ్చినాది:
పళ్ళు, గుడ్లు, రోజూ గంట ఆట.
సీటీని నాలుగు మడతలెట్టి నాకు సూపించినాడు,
అమ్మకి సూపించలేదు.
క్లాసులో గున్నేనుగంటన్నారంట.
"అత్తా, నీ కాటాలో నన్ను మళ్ళీ తూస్తావా?
ఆళ్ళది తప్పేమో."

"నా కాటా ఐదు కిలోలకేరా" అన్నాను.
నవ్వినాడు.
గిన్నెలో ఉడకేసిన పల్లీలుంటే దోసిట్లో పోసినాను.
నాలుగు నమిలి,
ఉప్పు సాల్లేదని సెప్పి
కళ్ళెత్తి ఎర్రదాని కేసి సూసినాడు.

నా సెయ్యి దండ కాడికి ఎల్లినాది.
పీకినానో లేదో నన్నడక్కండి.
దండలో ఇంకా పదకొండున్నాయి.