పన్నెండో వరుస

ఉలాన్‌బాతర్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి తిరగడం
ఇది పద్నాలుగో ఏడు.
నడవలో నిలబడి చేతులు చాపుతాను:
ముందు రెండు తలుపులు, రెక్కల మీద రెండు, వెనక రెండు.
నూట అరవై తలలు ఫోన్లలోకి వంగి ఉంటాయి.
చెవిటివాడి ముందు శంఖం.

మూడేళ్లు ఊదాను.
నాలుగో ఏట రాజీనామా రాసి
మడిచి బూటులో పెట్టుకుని ఎక్కాను,
దిగాక ఇద్దామని.

ఆరోజు పన్నెండో వరుసలో ఒక గొర్రెల కాపరి.
టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.
నేను బెల్టు బిగిస్తే బిగించాడు,
విప్పితే విప్పాడు.
లైఫ్ జాకెట్ గొట్టంలోకి నేను ఊదినట్టు నటిస్తే
తన దగ్గర గొట్టమే లేదు,
అయినా బుగ్గలు పూరించాడు.

దిగేటప్పుడు కుడిచేత్తో ఎండు పెరుగు ముక్క ఇచ్చాడు,
ఎడమచెయ్యి మోచేతి కింద ఆనించి, పెద్దలకిచ్చినట్టు.
తీసుకోకూడదని రూలు.
తీసుకున్నాను.
పళ్లు విరిగేంత గట్టిది.
హోటల్ గదిలో దాన్ని బుగ్గన పెట్టుకుని
తెల్లారేదాకా చప్పరించాను.
బూటులో కాగితం చెమటకి తడిసి
సంతకం ఊడిపోయింది.

అప్పట్నుంచి నూట అరవై మందికి చెప్పడం మానేశాను.
ఒక్కరిని వెతుక్కుంటాను.
మిగతావాళ్లు వింటే వినొచ్చు.

వెనక వంటగదిలో దుల్గూన్‌ది ఇంకో పిచ్చి.
తాగి గొడవ చేసేవాళ్లు అతని వాటా,
చంటిపిల్లల తల్లులు నా వాటా.
డ్యూటీ కాగితంలో ఇదేమీ ఉండదు,
మా సీనియర్ సరన్‌గోవాకి తెలుసు, అడగదు.
అందరూ నిద్రపోయాక
తలుపు అద్దానికి ముక్కు ఆనించి
కింద మెరిసే నదుల పేర్లు
వాంతి సంచుల మీద రాసుకుంటాడు.
ఓబ్. ఇర్తిష్. ఒకదానికి ప్రశ్నార్థకం.
ఇప్పటికి పదకొండు సంచులయ్యాయి.
ఎందుకురా అంటే,
"ఏం దాటొచ్చావని మా చెల్లి అడుగుతుంది,
భోజనం ట్రాలీ అని చెప్పనా?"

అన్ని రోజులూ కలిసిరావు.
కొన్నిసార్లు కాళ్లు వాచి
నవ్వు దవడకి మేకు కొట్టినట్టుంటుంది.
చికెనా, చేపా; చికెనా, చేపా;
మూడోసారికి నా గొంతు నాకే పరాయిది.

నిన్న ఎవరూ చూడలేదు.
ఒకటో వరుస నుంచి చివరిదాకా వెతికాను,
ఒక్క కన్ను దొరకలేదు.
పదిహేడు డి ఖాళీగా ఉంది.
దానికే చెప్పాను, ఒక్క మాట మింగకుండా,
మాస్కు ముందు మీకు, తర్వాత పక్కవారికి అని.

దాని బెల్టు
ముందే బిగించి ఉంది.