కదలొద్దు

ముక్కాలి స్టాండు పామూరు బస్సులోనే ఉండిపోయింది.
అంబవరం దాటాక గుర్తొచ్చింది.
సరే, రెండు కాళ్ళున్నాయి, నావే,
యాభై ఏడేళ్ళవి.
మూడోది కొండరాయి అనుకున్నా.

భైరవకోనలో ఐదున్నర దాటితే
వెలుతురు లో వోల్టేజీ కరెంటు మాదిరి,
ఉన్నట్టే ఉంటది, పనికి రాదు.
గుహల్లో దీపాలు పెట్టే పూజారి
తాళాల గుత్తి గలగలలాడిస్తా మెట్లు దిగుతూ
"చీకటి పడతంది సారూ, ఎలుగులు నీళ్ళకొస్తాయి" అన్నాడు.
నేనూ నీళ్ళకే వచ్చానన్నా.

కెమెరా సెకండ్‌హ్యాండుది.
ఎన్ని పెళ్ళిళ్ళు తీసిందో, పట్టుకునే చోట రబ్బరు ఊడితే
ఎవరో ఫెవిక్విక్ పెట్టి అంటించారు.
సెకనులో ఎనిమిదో వంతు పెట్టా.
అంతకన్నా తొందరపడితే కోనంతా బొగ్గు,
అంతకన్నా ఆగితే ఫోటోలో నా చేతులే కనపడతాయి.
ఐఎస్‌ఓ ఇంకా పెంచుదామా అంటే
నీడల మీద ఇసుక చల్లినట్టు గరుకు.

మోచేతులు పక్కటెముకలకు నొక్కిపెట్టా.
వీపు బండకు ఆనించా.
బండ చల్లగా చొక్కాలోకి దిగింది.
అప్పుడు నోట్లోంచి దానంతటదే వచ్చింది,
ముప్పై ఏళ్ళ పాత మాట:
గాలి పీల్చు.
బిగబట్టు.
కదలొద్దు.

కనిగిరి ఆసుపత్రిలో ఎక్స్‌రే గది నాది.
అద్దం వెనకాల నిలబడి ఎందరి ఊపిరి ఆపించానో లెక్క లేదు.
"ఇక వదిలెయ్" అనడం మరిచి
ఫిల్ము కడగబోయిన రోజులూ ఉన్నాయి.
మస్తానమ్మని ఒకామె అట్టాగే నిలబడింది ఒకసారి,
బుగ్గలు ఉబ్బించి,
నేను తిరిగొచ్చిందాకా.

మా తట్టు బోరునీళ్ళు తాగిన ఎముకలు
ఫిల్ము మీద తెల్లగా ఉంటాయి,
ఉండాల్సిన దానికన్నా తెల్లగా.
వెన్నుపూసలు ఒకదాన్నొకటి పట్టుకుని
సున్నం కొట్టిన పిట్టగోడ.
నీళ్ళని నేను అట్టా ఎరుగుదును,
మనిషి లోపల గడ్డకట్టాక.

ఇది అట్టా లేదు.
కదలొద్దంటే వినదు,
నా ముందు నిలబడి ఊపిరి ఆపదు.
ఆపాల్సింది నేనే.

మొదటిది: కొండ మొత్తం ఒరిగిపోయింది.
రెండోది: ఊపిరి కాదు, గుండె కదిలించింది.
దానికి ఎవడు చెప్తాడు ఆగమని?
రెండు దెబ్బల నడుమ సందు చూసి నొక్కడం
ఆరో ఫోటోకి పట్టుబడింది,
ఏడోదానికి దోమ కుట్టింది.
తొమ్మిదోదాంట్లో నీళ్ళు పొగయినాయి.
రాళ్ళు మాత్రం అంచుల దగ్గర
వెంట్రుకవాసి రెండుగా,
ఆసుపత్రిలో అయితే రిపీట్ అని రాసేవాణ్ణి.
ఇంకోటి తీద్దామంటే వెలుతురు లేదు.
టార్చి వేసుకుని దిగొచ్చా.

సోమవారం మాలకొండయ్య వచ్చాడు, మెడ ఎక్స్‌రేకి.
పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి.
పైకి చూసి పదేళ్ళయిందంటాడు,
వాన వస్తందో లేదో మనవరాల్ని అడుగుతాడు.
ఫోన్లోకి దించుకున్న ఫోటో
ఆయన కళ్ళ ఎత్తుకి పట్టా.
అంత పైనుంచి పడే నీటి కొసని
తలెత్తకుండానే చూశాడు.

"ఏందది, సాంబ్రాణి పొగా?"
"నీళ్ళు, మాలకొండయ్యా. భైరవకోన."

వేలితో తాకబోతే ఫోటో పెద్దదయింది.
చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
మళ్ళీ చూశాడు. శానాసేపు.
"తియ్యగుండాయా?"

గంటన్నర దాని పక్కనే ఉన్నా.
చొక్కా తడిసింది, జుట్టు తడిసింది,
లెన్సు తుడిచి తుడిచి రుమాలు తడిసింది.
నోరు మాత్రం తెరవలా.
బిగబట్టుకునే ఉన్నా.

"ఈతూరి తాగి చెప్పు" అన్నాడు.
అని, దుంగ దొర్లినట్టు
మనిషంతా ఒక్కసారే తిరిగి బల్ల ఎక్కాడు.

ఆయనకు మూడో మాట చెప్పే పని లేదు.