పలక మీద టైంటేబుల్

ఆరుకి పాలు, తొమ్మిదికి లాల, పదికి నిద్దర—
పలక మీద బలపంతో రాసి
గ్యాసు బండ పక్కన ఆనించింది మునికుమారి.

నాకు నవ్వొచ్చింది.
పదకొండేళ్లలో, అలిపిరి దాటాక, నా బస్సు
రాసిన టైముకి కొండెక్కిందెప్పుడు?
ముందు బండి మొరాయిస్తే మలుపులో ఆగాలి,
మంచు దిగితే లైట్లేసుకుని పాకాలి.
అయినా పైకి చేరతాం.

పదికి నిద్దరపోవాల్సిన బిడ్డ
నా ఖాకీ చొక్కా గుండీ పట్టుకుని
ఊ కొడతా ఉంది.
మునికుమారి బొటనవేలు తడిచేసి
'పది' చెరిపింది.
కొత్త అంకె వెయ్యలేదు.

"నువ్వు కాసేపు పడుకో,
రాత్రి డ్యూటీ నీదే కదా."

బిడ్డని భుజానేసుకుని
వంటింట్లోంచి వసారాకి, వసారాలోంచి వంటింట్లోకి
సెకండ్ గేర్లో నడిచాను.
ఏ మలుపు దగ్గరో
గుండీ వదిలేసింది.