పద్దెనిమిది బొందలు

సముద్రం జూసొచ్చిన అంటే
నారాయణపేట బస్సుల పక్కన కూసున్నామె
"ఏ గుడి?" అన్నది.
గుడి గాదక్కా, గోల్ఫు.
"అదేం దేవుడు?"

ఏమని చెప్పుదు.
ఊశన్న మేస్త్రి అడ్వాన్సు ఇస్తే
పదిహేడు మందిమి లారెక్కినం.
గడ్డపారలు అడుగున, సద్దిమూటలు పైన,
నడుమ మేం.
తెల్లారి కండ్లు తెరిస్తే ఉప్పుగాలి.
కుర్మన్న నాలిక బయటవెట్టి
గాలిని నాకి జూసిండు,
యాభై ఏండ్ల మనిషి.

కాలువలు తవ్వినం, కుంటలు తవ్వినం,
కోయిల్‌సాగర్ కాలువ గట్టు మీద
నా గంప మోసిన మన్ను ఇంకా ఉంటది.
మా అత్త సచ్చిననాడు బొంద తవ్వింది గూడ మా ఇంటోళ్లే.
తవ్వినకాడ ఏదన్న ఒకటి నిండాలె గద,
నీళ్లో, రాళ్లో, మనిషో.
గీడ తవ్విన బొందల ఇసుక వోయమన్నరు.
సముద్రం ఒడ్డు ఇసుక ఎత్తి
సముద్రం ఒడ్డునే పోసుడు.
ఎందుకు సారూ అన్న.
"బంతి పడ్డోనికి ఇబ్బంది గావాలె" అన్నడు ఇంజనీరు.
అప్పుడెవరం నవ్వలె.
రాత్రి రేకుల షెడ్డుల పండుకున్నంక
"ఇబ్బందికి గూడ కైకిలి ఇస్తరా?" అని
చీకట్ల ఎవరో అన్నరు.
రేకులు అదిరినయ్ మా నవ్వుకు.

గడ్డిని చాపల లెక్క సుట్టి తెచ్చిన్రు.
దానికి దినాం నాలుగు మాట్ల నీళ్లు.
తిమ్మక్క దాన్ని తొక్కలేక
చెప్పులు చేతవట్టుకొని సుట్టు తిరిగొచ్చేది.
"మా బర్రెను ఒక్క పూట తోలుకొస్తే సాలు" అనేది,
బర్రె యాదికొచ్చి ఏడ్చేది గూడ.

పద్దెనిమిదిట్ల పదకొండోది నాది.
సముద్రం పక్కపొంటి, గుట్ట అంచుకు.
ఎడమ దిక్కు బండ తగిలితే
వాలు ఎక్కువ వెట్టిన. ఎవ్వలకు చెప్పలె.

పని అయిపోవస్తుండంగ
నలుగురు ముసలోళ్లొచ్చిన్రు, టోపీలు, తెల్ల బూట్లు.
ఒకాయన బంతి నా బొందల పడ్డది.
కొట్టిండు. ఇసుక లేసింది, బంతి లేవలె.
ఇంకోపారి. ఇంకోపారి.
ఆరోపారికి ఆయన బాసల ఏదో తిట్టిండు,
బంతినో, బొందనో, నన్నో.
నాకు సూడబుద్ధి గాలె.
గంప దించి సైగ జేసిన,
ఎనకకు మళ్లు, ఒచ్చిన దారినే కొట్టు అని.
ఇన్నడు.
లేసింది.

కట్టె నా చేతికిచ్చి, గడ్డి మీద ఇంకో బంతి వెట్టిండు.
కొంగు నడుముకు సెక్కిన.
చిన్నప్పుడు మా అన్నలతోటి చిర్రగోనె ఆడిన పానం,
గోనె అంటే ఏందో చేతులకెరుకనే.
"టక్" మన్నది.
సప్పుడు ముందుగాల ఒచ్చింది,
బంతి ఎటువోయిందో ఎనుక దెలిసింది.
సముద్రం మీద ఒక తెల్ల సుక్క,
కొంగ లెక్క, పోతనే ఉంది.
ముసలాయన టోపీ దీసిండు.

పని ఇడిసి ఆటాడినవని
మేస్త్రి సగం కైకిలి కోసిండు.
సగం కైకిలికి గంత దెబ్బ.
అగ్గువకే ఒచ్చిందక్కా.

మరికల్ ఒచ్చింది. ఆమె సంచి సదురుకుంట
"ఎంత దూరం పోయిందే మరి?" అన్నది.
కిటికీల నుంచి జూపెట్టిన,
ఆ సెల్లు టవరు ఉంది సూడు, దానవతల.
"నీ బొంద!" అని నవ్వుకుంట దిగిపోయింది.

నా బొందనే.
పదకొండోది.
ఎడమ దిక్కు వాలు ఎక్కువ.