మిల్లు దాటినమా

పసుపు లైటు వెలిగి ఇరవై రోజులైంది.
దాని మీద పెళ్లికార్డు ముక్క అంటించి నడిపిన,
కనపడకపోతే లేనట్టేనని.
లీటరుకు పదహారు ఇచ్చే బండి
తొమ్మిదికి దిగి మొండికేసింది.
గురువారం హాలియల పెళ్లి.
వెనుక సీటు నిండ లైట్లు, తెల్ల గొడుగులు, కెమెరా సంచులు,
పెళ్లోల్లు ఇస్తమన్న అడ్వాన్సు
ఇంకా వాళ్ల జేబులనే ఉన్నది.

జానిమియా ముందుగాల బానెట్ ఎత్తలేదు.
సైదులును పిలిచి సైలెన్సర్ కాడ కూసోబెట్టిండు.
"ఏమొస్తుందిరా?"
"కుళ్లిన గుడ్ల వాసన, ఉస్తాద్."
"పెట్రోలు ఎక్కువ తాగుతుంది. దీనికి ముక్కు పోయింది."

ఇంజన్ విడిచిన ఊపిరిని వాసన చూసేటందుకు
బండి కడుపు కింద రెండు ముక్కులుంటయట.
ఒకటి జాలికి ముందర, ఒకటి జాలి దాటినంక.
మొదటిది చెప్తేనే పెట్రోలు కొలత మారుతది.
రెండోది, జాలి పని చేసిందా లేదా అని
సాక్ష్యం చెప్పుడే, ఇంకేం చెయ్యది.
"మా పెద్దబావ లెక్క" అన్నడు సైదులు.
పోయింది మొదటిదే.

షోరూంల ఏడు వేల ఎనిమిది వందలు, కూలి వేరే.
ధర చెప్పిన పిల్ల మంచిగనే నవ్వింది,
ఆమె తప్పేం లేదు.
నార్కట్‌పల్లి స్క్రాపుల ఆరువందలకు ఒకటి ఉన్నదంటే
జానిమియా మూతి తిప్పిండు:
"వాడిన ముక్కు. ఎవని జలుబు అంటుకున్నదో."
ఆఖరికి చాదర్‌ఘాట్‌ల దొరికింది
పందొమ్మిది వందల యాభైకి.
ఉత్త ముక్కే, ప్లగ్గు లేదు,
తీగెలు మనమే అతుక్కోవాలె.
పొద్దుగాల ఆర్టీసీ కార్గోల వేస్తే
పగటీలికి మిర్యాలగూడల దిగింది, అరచేతంత డబ్బా.
కౌంటర్ల ఆయన ఊపి చూసి
"మందులా?" అన్నడు.
అవునన్న.

పాతది ఊడలేదు.
పదేండ్ల తుప్పు, ఇల్లరికమల్లుని లెక్క పట్టుకున్నది.
ఇంజన్ వేడి చేసి, కిరోసిన్ తాపి,
తీగె దూరేటట్టు తనే కోసుకున్న ఇరవై రెండో నంబరు పానాతో
ఉస్తాద్ మోచేయి కాల్చుకున్నడు.
కిర్రుమని అరిచి వచ్చింది. మొన మీద నల్లటి మసి.

"తెల్లవి రెండు వేడికి. బూడిదరంగుది ఎర్తుకు.
నల్లది మాటకు.
తెల్లవి తారుమారైనా ఏం కాదు,
నల్లది తప్పితే బండి అబద్ధాలాడుతది."
సైదులు టంకం కడ్డీ తీసిండు, చేతి మీద దెబ్బ పడ్డది.
"టంకం పోస్తే తీగె గొంతు పూడుతదిరా.
దీనికి మంచి గాలి
తీగె లోపలి సందులకెళ్లే పోయేది."

అప్పుడడిగిన,
పొగ వాసన చూసే ఏ సిలిండరో చెప్పేటోడివి గద,
పిలగాన్ని ఎందుకు కూసోబెట్టినవని.
నట్టుకు గ్రీసు రాసుకుంట అన్నడు:
"కరోనా సంది లేదు.
అత్తరు, పెట్రోలు, చాపలకూర, అన్నీ నీళ్లే."
"ఉస్తాద్‌కు గూడ చాదర్‌ఘాట్‌ల అడిగిన,
స్టాకు లేదన్నరు" అన్నడు సైదులు.
నవ్వింది జానిమియానే.

ట్రయలుకు సాగర్ రోడ్డు ఎక్కినం.
ఆయన ఒళ్లో స్కానరు, అండ్ల ఒక గీత
ఎక్కుతుంది, దిగుతుంది.
ఇది కుదురుగ లేదేంది, మళ్లీ చెడిందా అన్న.
"మంచి ముక్కు ఒక్కకాడ నిలవది.
ఎక్కువైందంటది, తక్కువైందంటది,
మళ్ల ఎక్కువైందంటది.
గీత సాపుగ పోయిందా, అయిపోయినట్టు."

రైసుమిల్లుల వరుస మొదలైంది.
నానిన వడ్లు బాయిలర్ల ఉడికే వాసన,
పుల్లగ, వెచ్చగ, తడి గోనెసంచి నోట్లె కుక్కినట్టు
అద్దాలు మూసున్నా లోపలికొచ్చింది.
సైదులు ముక్కు మూసుకున్నడు.
స్కానరు మీదికెళ్లి తల ఎత్తకుండనే
జానిమియా అడిగిండు,
"మిల్లు దాటినమా?"

"ఇప్పుడే వచ్చింది" అన్న.

అద్దం మొత్తం దించి
ముఖం బయట పెట్టిండు.
ఒళ్లో గీత
ఎక్కుతుంది, దిగుతుంది.
నేను గేరు తగ్గించిన.