పీచు

మొదట చెప్పింది అద్దం కాదు, మామిడిపండు.
క్వీన్స్‌లాండ్ నుంచి లారీలో దిగిన పెట్టె,
డిసెంబరు ఎండ, బల్లారట్‌లో మా ఇంటి వెనక మెట్లు.
టెంక చీకుతుంటే ఒక పీచు
కింది వరుసలో ఇరుక్కుంది.
సరిగ్గా అక్కడే.
పన్నెండో ఏట ఇరుక్కునే చోటే.
నాలుక ముందు గుర్తుపట్టింది,
కరెంటు పోయిన ఇంట్లో గడప కాలికి తెలిసినట్టు.

ఇరవై మూడేళ్ళ కిందట మూసేసిన సందు అది.
స్టర్ట్ వీధిలో మేడమీద క్లినిక్,
డాక్టర్ హాలరన్ చేతుల్లో పిప్పరమెంటు వాసన,
పంటికో ఇనప గుండీ, గుండీల్లోంచి తీగ.
బిగించుకొచ్చిన రాత్రి
మెతుకు కూడా రాయిలా తగిలేది.
అమ్మ పెరుగన్నం మిక్సీలో వేసి ఇచ్చేది.
ఆస్పత్రి లాండ్రీలో ఆవిడ ఆదివారాలన్నీ
వాయిదాల కింద నా నోట్లోకే పోయాయి.
తమ్ముడు ప్రణీల్ వంతొచ్చేసరికి
చెయ్యి కాస్త ఆడుతోంది కనక వాడికి పింగాణీవి.
పంటి రంగులో కలిసిపోతాయన్నారు.
పప్పుచారు తిన్న రెండో రోజుకే
పసుపెక్కి అన్నీ బయటపడ్డాయి.

తీగ విప్పిన రోజు
నున్నటి పళ్ళమీద నాలుక జారి జారి ఆడింది.
నీలం డబ్బాలో రిటైనరు పెట్టి
"రోజూ రాత్రి" అన్నాడాయన.
ఎన్నాళ్ళని అడగలేదు.
పదిహేడేళ్ళ పిల్ల అడిగే ప్రశ్న కాదది.
ఏడాది పెట్టుకున్నాను.
తర్వాత ఒక రాత్రి మానేశాను, ఏమీ కాలేదు.
ఏమీ కాలేదు కదా అని ఇంకో రాత్రి.

ప్రణీల్ అయితే ఫుటీ మ్యాచ్‌లో
టిష్యూలో చుట్టి మీట్ పై పక్కన పెట్టి మర్చిపోయాడు.
నాన్న టార్చి పట్టుకుని మైదానం చెత్తడబ్బాలో
టమాటా సాసు మధ్య
మూడొందల డాలర్లు వెతికాడు.
ఇప్పుడు పర్త్ నుంచి వీడియోలో నవ్వుతాడు,
ముందరి పళ్ళ మధ్య మళ్ళీ ఆ తలుపు సందు.
"పింగాణీ కూడా అంతేనే అక్కా."

సొరుగు అడుగున దొరికింది నీలం డబ్బా.
రిటైనరు పాత సెల్లోటేపు రంగుకి తిరిగింది.
నొక్కాను. దిగలేదు.
రెండు పళ్ళమీద నిలబడి
తక్కినవాటిని ఎవరు మీరంది.

ఇప్పుడు నా కూతురు నిహిర.
దానికి గాజులాంటి తొడుగులు,
ఇరవై రెండు జతలు, పక్షానికొకటి.
పన్ను కదిలినంత తొందరగా
చిగుళ్ళలో పోగులు ఒప్పుకోవని,
మెలిపెట్టిన తాడులా వెనక్కి లాగుతుంటాయని
చెప్పింది కొత్త డాక్టరమ్మ.
"అయిపోయాక ఎన్నాళ్ళు పెట్టుకోవాలి?"
అడిగేసింది నిహిర.
"పళ్ళున్నన్నాళ్ళు," అందావిడ,
చేతొడుగులు విప్పుతూ,
పాలపాకెట్టు తెమ్మన్నంత మామూలుగా.

కారులో నా కింది పెదవి లాగి చూసింది పిల్ల.
ఒక పన్ను పక్కదానికి భుజం తిప్పుకుని ఉందిట.
"అలిగిందమ్మా."
"ఎవరిమీద?"
సిగ్నల్ మారింది, వెనకవాడు హారన్ కొట్టాడు.

ఆ రాత్రి పెట్టెలో చివరి పండు కోశాం.
మళ్ళీ పీచు.
నిహిర తొడుగులు గ్లాసునీళ్ళలో తీసిపెట్టి
టెంక తనకే కావాలని పేచీ.
ఇచ్చేశాను.
దారం కోసం లేవబుద్ధి కాలేదు.
చెక్క చివర తీపి ఇంకా ఉంది,
నాలుక వెళ్ళి వస్తోంది.